ఏడింటి కూత

మా ఊరు అయిజలో నడిపొద్దు పన్నెండింటికి కాదు. నవంబరు మొదటి వారంలో 12 గంటల 3 నిమిషాలకు సూర్యుడు మిట్టకు చేరతాడు. ఫిబ్రవరి నడిమికి వస్తే 12 గంటల 33 నిమిషాలు దాటితే గానీ చేరడు. ఏడాది మొత్తానికి సగటు తీస్తే 12 గంటల 19 నిమిషాలు. దేశమంతటికీ పెట్టుకున్న టైము 82½ డిగ్రీల రేఖది. ఆ రేఖ మన తెలుగు నేల మీద అన్నవరానికీ తునికీ నడుమ నుంచి పోతుంది. అయిజ ఉన్నది 77 డిగ్రీల 40 నిమిషాల దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేసుకుంటే తునివాళ్ల పొద్దుకు మనం పందొమ్మిది నిమిషాలు వెనక. నీడను చూసి పొద్దు చెప్పే మా నాయన, చేతికి వాచీ కట్టుకున్న మా పంతులు సారు ఈ పందొమ్మిది నిమిషాల మీద ఎన్నో ఏళ్లు వాదులాడుకున్నారు. వాళ్లిద్దరిదీ తప్పు కాదు.

నేను గడియారాలు బాగుచేసేవాణ్ని. నా పని అంతా ఆ రెండో టైముతోనే, అంటే ఎక్కడో తుని దగ్గర నడిచే పొద్దును అయిజలో జనం మణికట్టు మీదికి తెచ్చి పెట్టడం. అది తేవడానికి ఒక తోవ ఉండాలి కదా. నా వరకు ఆ తోవ రేడియో. వార్తల ముందర వచ్చే ఆ కూతలు, చివర కాస్త సాగదీసిన కూత. మా బజారులో చాలామందికి అవి వార్తలు మొదలవుతున్నాయన్న గుర్తు మాత్రమే. నా బతుకు మాత్రం వాటి మీదే నడిచింది.

రేడియోకు ముందు టైము తంతి తీగల మీద వచ్చేది. మద్రాసు వేధశాలలో 1792లో నిలబెట్టిన నల్లరాతి కంబం ఒకటుంది. నక్షత్రాలను చూసే దుర్భిణిని దాని మీదే బిగించారు. దాని మీద చెక్కిన భాషల్లో తెలుగూ ఉంది. చుక్కలు ఆ దుర్భిణి తీగను దాటే క్షణాన్ని పట్టుకుని అక్కడి గడియారం సరిచేసుకునేవారు. ఆ గడియారం చెప్పిన టైమును తంతి మీద రైల్వే స్టేషన్లకు పంపేవారు. బొంబాయిది ఒక టైము, కలకత్తాది ఇంకో టైముగా ఉన్న రోజుల్లో రైళ్లు నడిచింది రెంటికీ నడుమనున్న మద్రాసు టైము మీద. గ్రీన్విచ్‌కు అది సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906 జనవరి 1 నుంచి అయిదున్నర గంటల టైము వచ్చాక మద్రాసు గడియారాలు తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగాయి. బొంబాయివాళ్లు మాత్రం మొండిగా తమ పాత టైమును 1955 దాకా వదలలేదు.

ఆ వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి పేరు ఇక్కడ చెప్పుకోకపోతే నాకు మనసొప్పదు. పగలు దొరల లెక్కలు రాస్తూ, రాత్రి దుర్భిణిలో చూస్తూ, 1867లో ఒక చంచల తారను కనిపెట్టినాయన. కంటికి కనపడే ఆకాశానికి సరిపోయేట్టు దృగ్గణిత పంచాంగం వేశాడు. పంచాంగంలో గడియలు పొద్దుపొడుపు నుంచి లెక్క. అందుకే అది ఏ ఊరి పొద్దుపొడుపు అన్నది ముఖ్యం. రాజమండ్రి పొద్దుకు గుణించిన పంచాంగాన్ని అయిజలో అట్లే వాడితే సుమారు పదహారు నిమిషాలు తేడా వస్తుంది. తిక్కవీరేశ్వరస్వామి జాతర రోజుల్లో మా అయ్యవారు వచ్చి అడిగేవారు: "ఏమప్పా, నీ రేడియో టైము సరే, మన ఊరి పొద్దు ఎంతకు?" ఇద్దరం కూర్చుని కూడికలు తీసివేతలు చేసేవాళ్లం. రంజాన్ నెలలో మసీదు పెద్దలకూ ఇదే పని. హైదరాబాద్ వేళలతో అచ్చయిన కార్డుకు ఇక్కడ సుమారు మూడు నిమిషాలు కలుపుకోవాలి. కలపకుండా ఉపవాసం విడిస్తే పొద్దు ఇంకా దిగనట్టే లెక్క.

రైలు టైము గద్వాల స్టేషన్ దాకా వచ్చి ఆగేది. రైల్వేవాళ్లకు రోజూ సాయంత్రం నాలుగింటికి టైము కబురు అందుతుంది, స్టేషన్ మాస్టరు గోడ గడియారం దానితో సరిచూసుకోవాలి. అయిజ నుంచి గద్వాలకు పోయి వచ్చినవాడు ఆ టైమును తన వాచీలో మోసుకొచ్చేవాడు. బస్సు దిగేసరికి అందులో ఎంత మిగిలేదో దేవుడికే తెలియాలి.

హైదరాబాద్ రాజ్యంలో రేడియో మొదలైంది ప్రైవేటుగానే. 1935లో నిజాం సర్కారు దాన్ని తన చేతికి తీసుకుంది. ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడాల్లోనూ మాట్లాడిందా డెక్కన్ రేడియో. 1950 ఏప్రిల్‌లో అది ఆకాశవాణిలో కలిసింది. మా చిన్నతనానికి పంచాయతీ ఆఫీసు గోడకు ఒక లౌడ్‌స్పీకరు వేలాడుతుండేది. ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని ఏటా డబ్బు కట్టాల్సి వచ్చేది. ఆ పుస్తకం మీద స్టాంపులు అంటించి ముద్ర కొట్టి ఇచ్చేవారు. టైము చూసుకోవడానికి లైసెన్సు తీసుకున్నది ఊరు మొత్తంలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

నాకు పని నేర్పిన ఉస్తాదుది రాయచూరు. ఆయన దగ్గర కూర్చునే అంతా నేర్చుకున్నాను. మొదటి రోజే చెప్పాడు: "బేటా, గడియారాన్ని ఇంకో గడియారంతో కలపకు. రెండూ అబద్ధమాడుతుండొచ్చు. రేడియోతో కలుపు." పెద్ద ఊళ్ల షాపుల్లో వాచీ టిక్కులను విని కాగితం మీద గీత గీసే యంత్రాలుండేవి. వాటి ధరకు మా కొట్టు మొత్తం వచ్చేది. మాకు ఆ యంత్రం రేడియోనే. ఎట్లాగో చెప్తాను, ఇప్పటి పిల్లలకు ఇది తెలియదు.

వాచీ విప్పి, పెట్రోలులో కడిగి, నూనె బొట్లు పెట్టి, చావి నిండా ఇస్తాం. పొద్దున ఏడు గంటల కూతకు ముందు గంటల ముల్లును ఏడు మీద నిలబెట్టాలి, నిమిషం ముల్లునూ సెకను ముల్లునూ పన్నెండు మీద. హెచ్ఎంటీ జనతా లాంటి వాచీల్లో చావి పైకి లాగినా సెకను ముల్లు ఆగదు. కానీ లాగిన చావిని వెనక్కి కొంచెం, చాలా కొంచెం, ఒత్తి పట్టుకుంటే ముల్లు నిలబడిపోతుంది. అట్లా పట్టుకుని కూర్చుంటాం. చివరి కూత మొదలుకాగానే వేలు వదలాలి. మర్నాడు అదే వేళకు, అదే కూతకు, ముల్లు ఎక్కడుందో చూస్తాం. నలభై సెకన్లు ముందుంటే లోపల బ్యాలెన్సు మీదున్న సన్నటి పుల్లను 'స్లో' వైపు వెంట్రుకంత జరపాలి. మళ్లీ ఒక రోజు ఆగాలి. డయలు పైకి ఉంచి ఒక రోజు, చావి కిందికి ఉంచి ఇంకో రోజు. ఒక్క వాచీకి వారం పట్టిన సందర్భాలున్నాయి. గిరాకీ విసుక్కునేవాడు, "నట్టు బిగించేదానికి వారమా అన్నా?" అని.

జనతా వాచీ బ్యాలెన్సు సెకనుకు అయిదుసార్లు కొట్టుకుంటుంది, గంటకు 18,000. రోజుకు 86,400 సెకన్లు. అందులో ముప్పై సెకన్లు అటో ఇటో పోయిందంటే మూడువేలకు ఒకటి తప్పినట్టు. పెళ్లిలో అల్లుడికి పెట్టిన వాచీ ఆ మాత్రం నడిస్తే ఇంటిల్లిపాదీ సంతోషించేవారు. వాచీ, సైకిలు, రేడియో, ఈ మూడూ కట్నంలో కలిసే వచ్చేవి. వాటిలో రేడియో లేకపోతే వాచీ నెల తిరక్కముందే పనికిరాకుండా పోయేదని అల్లుళ్లకు తెలిసేది కాదు. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్ఎంటీ వాచీలు మొదలైనప్పుడు ఊరూరికీ వాచీలు వచ్చాయి. ఆ వాచీలను సరిపెట్టే క్షణం మాత్రం రోజూ గాలిలోంచే రావాలి.

ఆ క్షణం కోసం జనం ఎదురుచూసే తీరు వేరువేరు. పొద్దున భక్తిరంజని వస్తే పశువులు బయటికి. 6:55కు సంస్కృత వార్తలు. అర్థం కాకపోయినా అవి వినేవాళ్లు, ఆ తర్వాత ఢిల్లీ తెలుగు వార్తలు వచ్చేవి కాబట్టి. సినిమాల్లోకి పోకముందు కొంగర జగ్గయ్య అక్కడే తెలుగు వార్తలు చదివినాయన. మా తరానికి దుగ్గిరాల పూర్ణయ్య గొంతు తెలుసు. రేడియో డబ్బాలో ముల్లు 738 దగ్గరుంటే హైదరాబాద్, 837 దగ్గర విజయవాడ, 900 దగ్గర కడప. మా నడిగడ్డ ప్రాంతంలో రాత్రిపూట మూడూ వినపడతాయి, వాటి సందుల్లో కన్నడమూ.

గద్వాల, అలంపూర్ తాలూకాలకు రాజోలిబండ కాలువ నీళ్లొచ్చాక టైము పట్టింపు పెరిగింది. తుంగభద్ర మీది ఆ ఆనకట్ట నుంచి మనకు రావలసింది 15.9 టీఎంసీలు, పారవలసింది 87,500 ఎకరాలు. రావలసినంత ఎన్నడు వచ్చింది గనక! నీళ్లు తక్కువైనకొద్దీ వంతులు. వంతులంటే గంటలు, గంటలంటే వాచీలు. ఒకాయన వాచీ పది నిమిషాలు ముందు, పక్క చేనాయనది అయిదు నిమిషాలు వెనక. తూము దగ్గర పారలు లేచేవి. ఒకసారి ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు, ఎవరి వాచీ కరెక్టో చెప్పమని. ఎవరిదీ కాదన్నాను. వాళ్లతో వచ్చిన పెద్దాయన తీర్పు చెప్పాడు: "ఇగ వాచీల ముచ్చట ఇడ్సిపెట్టుండ్రి. రేడియోల ఏడు గొట్టంగనే తూము మారాలె. ఇద్దరూ ఇంటుండ్రి, ఇద్దరూ చూస్తుండ్రి." ట్రాన్సిస్టరును గట్టు మీద పెట్టుకుని వంతులు మార్చుకున్న కాలం అది. అక్కడ కావలసింది కచ్చితమైన సెకను కాదు. ఇద్దరి చెవుల్లో ఒకే మారు పడే ఒక చప్పుడు కావాలి. రేడియో ఇచ్చింది అదీ.

కూతల పద్ధతి మనది కాదు. లండన్‌లో 1924 ఫిబ్రవరి 5న బీబీసీ మొదటిసారి వేసింది. గ్రీన్విచ్ వేధశాల అధిపతి ఫ్రాంక్ డైసన్, బీబీసీ పెద్ద జాన్ రీత్ కలిసి ఏర్పాటు చేశారు. వేధశాల గడియారపు లోలకమే తీగ మీద చప్పుడు పంపేది. ఆరు కూతలు. అన్నీ ఒకటే పొడవు కావడంతో ఏది చివరిదో లెక్కపెట్టుకుంటే తప్ప తెలిసేది కాదు. 1972 వచ్చే వేళకు చివరిదాన్ని పొడుగు చేశారు. ఆ పొడుగు కూత మొదలైన క్షణమే గంట, ముగిసిన క్షణం కాదు. ఈ ముక్క మా ఉస్తాదుకు ఎవరు చెప్పారో గానీ, కూత అయిపోయాక వేలు వదిలే శిష్యులను చెవి మెలిపెట్టేవాడు.

1972తో ఇంకో తిరకాసు మొదలైంది. అప్పటికే సెకను ఆకాశాన్ని వదిలి పరమాణువులోకి పోయింది. సీజియం పరమాణువు 9,192,631,770 సార్లు కొట్టుకుంటే ఒక సెకను అని 1967లో నిర్ణయించారు. భూమి అంత నిక్కచ్చిగా తిరగదు. అందుకని అప్పుడప్పుడు ఒక సెకను అదనంగా కలుపుతున్నారు. ఇప్పటికి 27 కలిపారు. ఆఖరుది మన లెక్కలో 2017 జనవరి 1 తెల్లవారుజామున అయిదున్నరకు ముందు నిమిషంలో పడింది. ఆ నిమిషానికి 61 సెకన్లు. పత్తి చేలకు పోయే ఆడవాళ్లు అప్పటికే లేచి సద్ది కట్టుకుంటున్నారు, వాళ్లకు ఒక సెకను ఊరికే వచ్చింది.

మన దేశంలో అసలు టైముకు ఇల్లు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. సీజియం గడియారాలుండేది అక్కడ. 1950ల చివర నుంచి వాళ్లు షార్ట్‌వేవ్ మీద ఏటీఏ అనే పేరుతో టైము ప్రసారం చేశారు. 5, 10, 15 మెగాహెర్ట్జ్. వార్తలు లేవు, పాటలు లేవు. సెకనుకొక టిక్కు, అంతే. ఇది నాకు అనుకోకుండా దొరికింది. రాత్రి 31 మీటర్ల బ్యాండులో ముల్లు తిప్పుతూ పైకి పోతుంటే, స్టేషన్లన్నీ అయిపోయినచోట టిక్, టిక్, టిక్. మొదట రేడియోలో ఏదో పాడైందనుకున్నాను. వాచీ పెట్టి చూస్తే సెకనుకు సరిగ్గా ఒకటి! ఆ రాత్రి నుంచి మర్నాడు ఏడింటి దాకా ఆగే పని తప్పింది. ఎప్పుడంటే అప్పుడు వాచీ కలపొచ్చు. తర్వాతి రోజుల్లో చైనావాళ్ల టిక్కు కూడా అదే జాగాలో వినపడేది, ఒకదాని మీద ఒకటి. వాన ముసురు రాత్రుల్లో ఎవరిది ఎవరిదో తేల్చుకోవడం కష్టమయ్యేది.

ఏటీఏ ఉందని మన ఊళ్లలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. దేశంలోకెల్లా మంచి గడియారం పగలూ రాత్రీ మన నెత్తి మీదుగా టిక్కులు పంపుతుంటే, దాన్ని విన్నది ఓడల వాళ్లు, ప్రయోగశాలల వాళ్లు, నాలాంటి ముల్లు తిప్పే పిచ్చివాళ్లు. ఆకాశవాణి మధ్య మధ్య "ఇప్పుడు సమయం..." అని చెప్పేటప్పుడు ఒక్క మాట కలిపి ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఆ టిక్కు లేదు. ఆగిపోయింది.

టీవీ మన జిల్లాకు రావడం దేశంలో చాలా జిల్లాలకంటే ముందే జరిగింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికావాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ చూపించారు. సైట్ అని దాని పేరు. అప్పటి మన రాష్ట్రంలో ఎంచుకున్న జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, పక్కన కర్నూలు కూడా. కోళ్ల గూటికి కట్టే ఇనుప జాలీతో చేసిన పది అడుగుల గొడుగు, కింద ఒక పెద్ద డబ్బా. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. అప్పటి మాటల్లో అందరికీ గుర్తుండేది బొమ్మలు. నాకు గుర్తుండేది వేరే. బొమ్మ 36,000 కిలోమీటర్లు పైకి పోయి, మళ్లీ అంత దూరం కిందికి వస్తుంది. వెలుతురు వేగానికి కూడా అది పావు సెకను పని. గాలిలో వచ్చే టైముకు ఆలస్యం అనేది మొదటిసారి అంటుకున్నది అక్కడే. హైదరాబాద్ మీడియంవేవ్ టవరు నుంచి అయిజ దాకా రేడియో అల రావడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. ఉపగ్రహం తోవలో దానికి కొన్ని వందల రెట్లు.

1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతి స్వరూప్ తెలుగు వార్తలు మొదలుపెట్టారు. సాయంత్రం ఏడు గంటలు. దాంతో ఊళ్లో ఏడింటికి రెండు కూతలయ్యాయి, పొద్దున రేడియోది, సాయంత్రం టీవీది. టీవీలో గుండ్రటి గడియారం తెర నిండా కనపడేది, సెకను ముల్లు తిరుగుతూ. పిల్లలకు టైము చూడడం నేర్పింది బడికంటే ఆ గడియారమేనని నా అభిప్రాయం. నా కొట్టుకు వచ్చేవాళ్లు కూడా "టీవీ గడియారంతో కలిపి ఇయ్యి" అనడం మొదలుపెట్టారు. చెవి కన్నా కన్ను నమ్మకం కదా.

టీవీ బొమ్మ వెనక కనపడకుండా టైమును పంపొచ్చని అమెరికావాళ్లు 1970లలోనే చూశారు. వాళ్ల ప్రమాణాల సంస్థ టీవీ బొమ్మలో పైన కనపడని గీతల్లో ఒకదాన్ని తీసుకుని టైము అంకెలు దానిలో దాచి పంపింది. టైము కోసం ఆ పద్ధతిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఆ దాచిన గీతలోనే మాటలు పంపితే చెవిటివాళ్లు టీవీ చదువుకోవచ్చని తేలింది. ఇవాళ తెర కింద అక్షరాలు కనపడే ఏర్పాటు పుట్టింది అట్లా. గడియారం కోసం తవ్విన బావిలో ఇంకెవరికో నీళ్లు పడ్డాయి. ఆ పనికి ఎమీ అవార్డు కూడా ఇచ్చారు.

మన దగ్గర ఢిల్లీ ప్రయోగశాల 1988 నుంచి ఇన్సాట్ మీదుగా టైము పంపింది. అది మామూలు టీవీ డబ్బాకు దొరికేది కాదు. దానికి వేరే రిసీవరు. ఉపగ్రహం ఎక్కడుందో కూడా ఆ సంకేతంలోనే చెప్తూ, ఎవరికి వారు ఆలస్యాన్ని తీసేసుకునేట్టు చేశారు. ఆ ఆలోచన నాకు మస్తు నచ్చింది: ఆలస్యం ఉండడం తప్పు కాదు, ఎంతో చెప్పకపోవడమే తప్పు.

చెప్పకుండా పోవడం డీటీహెచ్‌తో మొదలైంది. మా కొట్టులో పాత ఫిలిప్స్ ట్రాన్సిస్టరు, ఛత్రీ పెట్టిన టీవీ, సెల్‌ఫోను పక్కపక్కన ఉన్నాయి. ఒకే ఛానెల్‌ను టీవీలోనూ ఫోనులోనూ పెడితే ఫోనులోది కొన్నిసార్లు పది సెకన్లు వెనక, కొన్నిసార్లు ముప్పై. టీవీది కూడా అసలు టైముకు రెండు మూడు సెకన్లు వెనక. డిజిటల్ బొమ్మను అట్లే పంపరు. ముందు బొమ్మకూ వెనక బొమ్మకూ తేడా తీసి, ఆ తేడాను మాత్రమే పంపుతారు. దానికోసం పంపేచోట కొన్ని బొమ్మలు పోగుచేసుకోవాలి, ఇంట్లో బాక్సు కూడా కొన్ని పోగయ్యేదాకా ఆగాలి. ఒక్కో కంపెనీ బాక్సు ఒక్కో తీరుగా ఆగుతుంది. ఛానెల్ మూలన గంటలు, నిమిషాలు చూపించే గడియారం అందరి ఇళ్లలో ఒకే క్షణంలో మారదు. తూము గట్టు మీద ట్రాన్సిస్టరు చేసిన పని ఈ టీవీ చేయలేదు. లండన్‌లోనూ ఇదే గతి. బీబీసీ కూతలు డిజిటల్ రేడియోలో వినేవాళ్లకు కొన్ని సెకన్లు ఆలస్యంగానే వస్తున్నాయి.

"ఫోను ఉండగా ఈ గోలంతా ఎందుకు తాతా?" అంటాడు మా మనవడు. ఫోను టైము మంచిదే, నేను కాదనను. నెట్టు మీద టైము తెచ్చుకునే పద్ధతిని 1980లలో డేవిడ్ మిల్స్ అనే అమెరికా ఆయన కట్టాడు. ఫోను అడుగుతుంది, అవతలి గడియారం జవాబిస్తుంది. పోయి రావడానికి ఎంత పట్టిందో చూసుకుని అందులో సగం ఆ జవాబుకు కలుపుకుంటుంది. రేడియోకు ఆ వసతి లేదు. అది చెప్తూ పోతుంది, ఎవరు విన్నారో దానికి తెలియదు. కానీ సిగ్నలు లేని చేలో, చార్జింగు అయిపోయిన చేతిలో, వరదకు టవరు పడిపోయిన రోజున ఆ అడగడం కుదరదు. 2009 అక్టోబరు తుంగభద్ర వరదలో కర్నూలు మునిగిన రాత్రుల్లో సెల్లు పని చేసిందా అని అక్కడివాళ్లను అడిగి చూడండి.

ఇప్పుడు కేంద్రం కొత్త పని పెట్టుకుంది. ఢిల్లీ ప్రయోగశాల, ఇస్రో, వినియోగదారుల వ్యవహారాల శాఖ కలిసి అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటిలలోని తూనికలు కొలతల ప్రయోగశాలలకు అణు గడియారాలు చేర్చి, అక్కడి నుంచి దేశానికంతటికీ ఒకే టైము పంచాలని చూస్తున్నారు. 2025 జనవరిలో ముసాయిదా నిబంధనలు జనం ముందు పెట్టారు. బ్యాంకులు, కరెంటు గ్రిడ్డు, టెలిఫోను కంపెనీలు అందరూ ఆ టైమునే వాడాలన్నది దాని సారం. మనకు దగ్గరిది బెంగళూరు. హెచ్ఎంటీ వాచీ పుట్టిన ఊరి నుంచే మళ్లీ టైము వస్తుందన్న మాట. వాచీ కంపెనీ మాత్రం లేదు, 2016లో మూసేస్తామన్నారు, మూసేశారు.

లక్షో వంతు సెకను బ్యాంకులకు కావాలి, ఇవ్వండి. దానికి డబ్బు పెట్టడం న్యాయమే. ప్రసారాల వాళ్ల నుంచి నాకు కావలసింది అంతకంటే మోటు సరుకు, దానికి కావలసిన సామాను ఇప్పటికే వాళ్ల దగ్గర ఉంది. ఎఫ్ఎం ప్రసారంలో పాటకు చాటున అక్షరాలు పంపే ఏర్పాటు ఉంది, అందులో నిమిషానికొకసారి టైము పంపే అర ఒకటి ఉంది. డీటీహెచ్ ప్రసారంలో టైముకు ఒక పట్టిక ఉంది. బాక్సు ఆన్ చేయగానే తేదీ, టైము చూపేది దాని నుంచే. ఆకాశవాణి హైదరాబాద్ 738 మీద పెట్టుకున్న డిజిటల్ మీడియంవేవ్‌లోనూ టైముకు జాగా వదిలారు. ఈ మూడింటిలోకీ ఢిల్లీ అణు గడియారం టైము తిన్నగా పోయేట్టు చూస్తే చాలు. స్టూడియోలో ఎవరో చేత్తో పెట్టిన కంప్యూటరు టైము పోకూడదు. కూతను పంపి అది ఎప్పుడు చేరుతుందో అని చూసేకంటే, టైమును అంకెలుగా పంపి, కూతను బాక్సునే వేయమనాలి. అప్పుడు ఏ కంపెనీ బాక్సు ఎంత ఆగినా, పక్కపక్క ఇళ్లలో గంట ఒకేసారి కొడుతుంది.

ఇంకొకటి, అనలాగ్ మీడియంవేవ్‌ను తీసేయడానికి తొందరపడొద్దు. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు ఉపగ్రహం మీద వచ్చే వార్తల కూతకు పావు సెకను ఆలస్యం ఉంటే ఉండనీ. అది అందరికీ ఒకటే పావు సెకను. మొన్న రాజోలి నుంచి ఒకాయన తన పెళ్లినాటి జనతా వాచీ తెచ్చాడు. కడిగి, నూనె పెట్టి, 738 కూతతోనే కలిపి ఇచ్చాను. ఇరవై రోజులకు మళ్లీ వచ్చాడు, రోజుకు పదిహేను సెకన్లు ముందు నడుస్తోందట. పుల్ల ఒక వెంట్రుక 'స్లో' వైపు జరిపి, రేపు పొద్దున ఏడింటికి ముందే రమ్మన్నాను.